ఆరోవంతు నెమ్మది

పాత పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేసేటప్పుడు అందులోని తప్పుల్ని దిద్దాలా, అలాగే ఉంచాలా అన్న తగువు సాహిత్యంలో పాతదే. ఆ తగువు రేపల్లెలో మా అక్కావాళ్ళ వరండాలో, ఒక ప్లాస్టిక్ డబ్బా ముందు నాకు ఎదురవుతుందని అనుకోలేదు.

ఆ డబ్బా చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ కన్సోల్. కొన్నది కాదు, నేనూ మా మేనల్లుడూ కలిసి చేసింది. వాడు బాపట్లలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నేను తెనాలిలో ఉంటాను. లోపలున్నది రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్. పొడవు 65 మిల్లీమీటర్లు, వెడల్పు 30. 2015 నవంబరులో ఐదు డాలర్ల ధరతో వచ్చినప్పుడు, దాన్ని మాగ్‌పై అనే పత్రిక 40వ సంచిక అట్ట మీద అతికించి పాఠకులకి ఉచితంగా ఇచ్చారు. కంప్యూటర్‌ని పత్రికకి అనుబంధంగా ఇవ్వడం అంతకు ముందు ఎవరూ చెయ్యలేదంటారు. పత్రికలు చదివే అలవాటున్న నాకు ఆ యంత్రం మీద ప్రేమ మొదలైంది అక్కడే.

చెయ్యడం గురించి ఎక్కువ చెప్పను. బోర్డుకి నలభై పిన్నులుంటాయి. ఒక్కో బటన్‌కి ఒక తీగ పిన్నుకీ, ఒక తీగ గ్రౌండుకీ. నొక్కితే వలయం పూర్తవుతుంది, కంప్యూటర్‌కి తెలుస్తుంది. 2.8 అంగుళాల తెర, 3.7 వోల్టుల లిథియం బ్యాటరీ, దాన్ని ఐదు వోల్టులకి పెంచే చిన్న ముక్క, రెట్రోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్. మొదటిసారి నేను బ్యాటరీ తీగలు తిరగేసి టంకం పెట్టాను. సన్నగా పొగ వచ్చింది. "మామయ్యా, మీరు సమీక్షలు రాసుకోండి, టంకం నేను పెడతా" అన్నాడు వాడు. న్యాయమైన పని విభజనే. తుక్కు ఇనుముతో నిలువెత్తు విగ్రహాలు నిలబెట్టే శిల్పులున్న ఊరు తెనాలి. ఆ ఊరివాణ్ణి, నాలుగు తీగలు అతకలేకపోయాను.

డబ్బా తీసుకుని తెనాలి నుంచి రేపల్లె పాసింజర్ ఎక్కాం. అక్క దాన్ని చేతిలోకి తీసుకుని మారియో పెట్టింది. యాభై దాటిన మనిషి, బటన్లు చూడకుండానే నొక్కుతోంది. మొదటి గొయ్యి దూకింది. రెండోదాంట్లో పడింది. మళ్ళీ పడింది. మూడోసారి పక్కన పెట్టేసి, "ఇది మనది కాదురా, వీడు పరిగెడుతున్నాడు" అంది.

వయసు మీద పడిందనుకుని నవ్వాం. నవ్వకుండా ఉండాల్సింది.

సంగతేమిటంటే, అప్పటి ఆటలు తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ ఒక అడుగు వేస్తాయి. జపాన్, అమెరికా టీవీల్లో సెకనుకి 60 సార్లు మారుతుంది. మన దేశం తీసుకున్న పాల్ పద్ధతిలో 50 సార్లే. నింటెండో వాళ్ళు యూరప్‌కి అమ్మిన మారియోలో ఈ తేడాకి తగ్గట్టు వేగం సర్దారు. మన ఊళ్ళకి తొంభైల్లో వచ్చినవి నింటెండో యంత్రాలకి నకళ్ళు. వాటిలో పెట్టిన క్యాసెట్లు చాలావరకు ఆ సర్దుబాటు లేని ప్రతులు. 60కి రాసిన ఆట 50 మీద నడిస్తే ఆరోవంతు నెమ్మదిస్తుంది. మా డబ్బాలో నడుస్తున్నది 60. మా మేనల్లుడు సెట్టింగుల్లో వెతికితే ప్రాంతం అనే చోట 'డెండీ' అని ఒకటి కనబడింది. రష్యాలో బాగా అమ్ముడుపోయిన ఒక నకలు యంత్రం పేరు అది. అది పెట్టి ఇచ్చాడు. అక్క మాట్లాడకుండా మొదటి కోట దాకా వెళ్ళిపోయింది.

ముప్పయ్యేళ్ళ తరవాత ఒక మనిషి వేళ్ళు పాఠభేదాన్ని పట్టుకున్నాయి. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేసేముందు ఎన్నో తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించాడు. పోల్చడానికి ప్రతులుండాలి. మా ఆటకి మిగిలిన ప్రతి అక్క చేతుల్లోనే ఉంది.

ఇక్కడ విమర్శకుడికి పని మొదలవుతుంది. ఏది అసలు పాఠం? 1985లో మారియోని తయారుచేసిన వాళ్ళు ఉద్దేశించింది 60. అందులో అనుమానం లేదు. అయితే 50లో ఏం మారిందో చూడాలి. గొయ్యి వెడల్పు మారలేదు, దూకుడు ఎత్తు మారలేదు. ఆట గడియారం కూడా అడుగుల్నే లెక్కపెడుతుంది కాబట్టి అదీ దాంతో పాటే నెమ్మదించింది. మారింది ఆలోచించుకునే వ్యవధి ఒక్కటే. మనకి దొరికిన మారియో కాస్త నిదానస్తుడు. అంచు దగ్గర ఆగి, చూసి, దూకనిచ్చేవాడు. ఇంగ్లీషు రాని పిల్లలకి ఒక్క మాట లేకుండా ఆట నేర్పిన మొదటి అంకం, మనకి ఇంకాస్త ఓపిగ్గా నేర్పింది.

వేగం ఒక్కటే కాదు. ఆ యంత్రం తెర మీద ఒకే అడ్డగీతలో ఎనిమిది కదిలే బొమ్మ ముక్కల్ని మించి చూపించలేదు. ఎక్కువైతే కొన్ని మాయమవుతాయి. ఆటలు రాసినవాళ్ళు వాటిని వంతులవారీగా చూపిస్తే మిణుకుమిణుకుమంటాయి. కాంట్రాలో తూటాలు ఎక్కువైనప్పుడు అదే జరిగేది. ఇప్పటి ఎమ్యులేటర్లలో ఆ హద్దు తీసేసే వీలుంది. మా మేనల్లుడు తీసేశాడు, తెర శుభ్రంగా ఉంది. నేను మళ్ళీ పెట్టించాను. రెండు కిలోబైట్ల జ్ఞాపకశక్తితో నడిచిన యంత్రం అది. మారియోలో పొదకీ మబ్బుకీ ఒకటే బొమ్మ, రంగే తేడా. పేదరికంలోంచి పుట్టిన ఆ శైలిలో మబ్బుని ఉంచి మిణుకుని తీసేస్తే, ఫలితాన్ని మెచ్చుకుని దాని వెనక పడ్డ పాట్లు చెరిపేసినట్టే.

మూడోది వెడల్పు. పాత ఆట చిత్రం 256 చుక్కల వెడల్పు, 240 ఎత్తు. మా తెర 320, 240. అటూ ఇటూ 32 చుక్కలు నల్లగా వదిలేస్తే సరిగ్గా సరిపోతుంది. చుక్కకి చుక్క, ఏమీ చెడదు. కాగితం మీద ఇదే నిక్కమైన ప్రతి. పాత టీవీ మాత్రం ఒక్కో చుక్కనీ అడ్డంగా కాస్త సాగదీసి చూపించేది. బొమ్మలు గీసినవాళ్ళ ముందున్నదీ అలాంటి తెరే. అక్షరం పొల్లుపోకుండా దించిన మా ప్రతిలో మారియో సన్నబడ్డాడు.

రైల్లో వస్తుంటే మధ్యలో భట్టిప్రోలు స్టేషను తగులుతుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో తవ్వి తీసిన ధాతు కరండాల మీద బ్రాహ్మి అక్షరాలున్నాయి. అశోకుడి శాసనాల్లో దీర్ఘానికి పెట్టే గుర్తుని అక్కడ హ్రస్వమైన అకారానికి వాడారు. అశోకుడి లిపి అలవాటుతో చదివితే ప్రతి అక్షరమూ దొరుకుతుంది, మాట మాత్రం తప్పుతుంది. మా డబ్బాలో జరిగింది అదే. ఆట ఫైలు ఒక్క బిట్టు తేడా లేకుండా ఉంది. చదివే పద్ధతి వేరే ఊరిది.

ఇప్పుడు ఎదురు వాదన. ఇదంతా జ్ఞాపకాల మోజు కాదా? వేల ఆటలు నింపి తక్కువ ధరకి అమ్మే డబ్బాలు బజార్లో దొరుకుతుంటే ఈ పాఠపరిష్కరణ ఎవరికి కావాలి? అనుమానం సబబైందే. మన చిన్నప్పటిది కాబట్టి గొప్పదనడం విమర్శ అనిపించుకోదు. పైగా మనం ముచ్చటపడుతున్న ఆ ప్రతి దొంగ అచ్చు. క్యాసెట్ మీద 9999 ఆటలని ఉండేది, లోపల అవే కొన్ని పేర్లు మార్చుకుని తిరిగేవి. ఆ దొంగతనాన్ని నేను సమర్థించను. కానీ ఒక రచన ఒక చోటికి ఏ రూపంలో చేరిందన్నది ఆ చోటి సాహిత్య చరిత్రలో భాగం. మనదాకా వచ్చిన రూపాన్ని ఎవరూ భద్రపరచడం లేదు. అమెరికా ప్రతిని పెట్టెలతో సహా దాచుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. రేపల్లె ప్రతికి దిక్కు లేదు. పదివేల ఆటల డబ్బా ఆ పని చెయ్యదు. అది గుట్ట పోస్తుంది, ఏరదు. మేము పన్నెండు ఆటలే ఉంచాం. మారియోని మాత్రం రెండుసార్లు పెట్టి, ఒకదాని కింద 60 అనీ, ఇంకోదాని కింద 50 అనీ రాశాం. పరిష్కర్త చెయ్యగలిగింది అంతే అనుకుంటాను. రెండు పాఠాలూ ఇచ్చి, ఏది ఎక్కడిదో చెప్పి తప్పుకోవడం.

ఇంత చేసినా మా ప్రతిలో ఒక పెద్ద లోపం మిగిలిపోయింది. అది అక్కే చెప్పింది. "నువ్వెక్కడ పట్టుకుంటావురా?"

చేతిలో పట్టుకునే కన్సోల్ ఒక్కడి కోసం చేసింది. కాంట్రా ఇద్దరి ఆట. జలపాతం అంకంలో పైకి ఎక్కాలి. ఒకరు తొందరపడి ఎక్కేస్తే తెర పైకి జరిగి, కిందున్నవాళ్ళు చచ్చిపోతారు. ఆ ఆట నేర్పేదల్లా పక్కవాళ్ళ కోసం ఆగడం. అప్పట్లో ముందు ఎక్కేసేది నేను, చచ్చిపోయేది అక్క. వేగం, మిణుకు, వెడల్పు అంటూ ఇన్ని పాఠభేదాలు పట్టుకున్నవాణ్ణి, రెండో కంట్రోలర్ పోయిందన్న సంగతి చూడలేదు. చూడకపోవడంలో ఆశ్చర్యం లేదు. చిన్నప్పుడూ చూడలేదు.

మా మేనల్లుడు డబ్బాకి పక్కన బెజ్జం చేసి, బోర్డుకున్న యూఎస్‌బీ రంధ్రాన్ని బయటికి తెచ్చాడు. అందం చెడింది. దానికి ఒక వైరు కంట్రోలర్ తగిలించాం. ఇద్దరం తలలు ఆనించుకుని ఆ 2.8 అంగుళాల తెరలోకి చూస్తూ జలపాతం దాకా వచ్చాం. వేగం యాభైలో ఉంది. నేను ఒక రాతి మీద ఆగాను.

"ఎక్కవేంరా?" అంది.

"నువ్వు రా" అన్నాను.