జంట ఆయువులు, జంట దివాలాలు

ఫ్రీస్, కారియర్, వాల్డెజ్‌ల 1996 నాటి పరిశోధన పత్రాన్నీ, డేవిడ్ లి 2000లో వెలువరించిన పత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. రెండింటి ప్రశ్నా ఒకటే. ముడిపడిన రెండు ఘటనలు ఎప్పుడెప్పుడు జరుగుతాయి? మొదటి పత్రంలో ఘటన మరణం, కెనడాలో ఉమ్మడి యాన్యుటీ తీసుకున్న దంపతులది. రెండోదానిలో కంపెనీల దివాలా.

పనిముట్టు కూడా ఒకటే, కాపులా. ఒక్కొక్కరి ఆయుర్దాయాన్ని విడిగా లెక్కగట్టి, వాటి మధ్య బంధాన్ని వేరే సూత్రంతో కలుపుతుంది. 1959లో స్క్లార్ ప్రకటించిన సిద్ధాంతం దీనికి ఆధారం.

ఫ్రీస్ బృందం 14 వేలకు పైగా బీమా ఒప్పందాలను పరిశీలించింది. చాలా జంటల్లో ఇద్దరూ బతికే ఉన్నారు కాబట్టి వారి ఆయువు ఇంతకు మించి ఉంటుందని తప్ప ఇంకేమీ తెలియదు. ఆ అరకొర సమాచారాన్ని కూడా పారేయకుండా లెక్కలోకి తీసుకుని, ఫ్రాంక్ కాపులాతో బంధాన్ని అంచనా వేశారు. ఇద్దరి మరణాలకూ సంబంధం లేదనుకుంటే వచ్చే విలువకన్నా యాన్యుటీ విలువ సుమారు 5 శాతం తగ్గింది. ఈ అంకె వెనక నిజంగా గమనించిన జంటలున్నాయి. అందుకే దాన్ని నమ్ముతాను. లోపం లేదని కాదు. తోడు పోయిన తొలి నెలల్లో ముప్పు పెరిగి, తర్వాత సన్నగిల్లే తీరును ఆ నమూనా విడిగా పట్టుకోదు.

యాక్చువరీ శాస్త్రం చదివిన లి, కంపెనీకీ మనిషిలాగే ఆయువుందని భావించారు. అందమైన ఆలోచన. కానీ ఫలానా రెండు కంపెనీలు కలిసి కూలిన దాఖలాలు పదేపదే దొరకవు. అందుకని ఆయన గాసియన్ కాపులా తీసుకుని, అందులోని సహసంబంధాన్ని కంపెనీల ఆస్తి విలువల కదలికతో ముడిపెట్టారు. విడివిడి దివాలా అంచనాలు మార్కెట్ ధరల నుంచి వచ్చాయి.

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత నింద లి సూత్రం మీద పడింది. విపరీత పరిస్థితుల్లో అందరూ ఒకేసారి పడిపోయే అవకాశాన్ని గాసియన్ కాపులా దాదాపు చూపదన్నారు. అది నిజమే. అయితే ఫ్రాంక్ కాపులాలోనూ ఆ కొసబంధం సున్నాయే! అయినా బీమా లెక్క నిలబడింది. ఈ తేడాను సూత్రం ఒక్కటే వివరించలేదు. 1978లో క్లేటన్ కుటుంబ వ్యాధుల కోసం ప్రతిపాదించిన నమూనాను తొలి దివాలాల వైపు తిప్పి వాడినా కొస బలపడేది, కానీ ఆ బంధం ఎంతో చెప్పే అంకెను మళ్లీ ధరల దగ్గరే వెతుక్కోవాల్సి వచ్చేది.