ముక్కు కొలత నుంచి నెత్తుటి చుక్క దాకా

మన సభల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. ‘బ్రాహ్మలు బయటి నుంచి వచ్చినోళ్లేనని ఇప్పుడు సైన్సే చెప్పింది, డీఎన్‌ఏ రుజువు చేసింది’ అని. చప్పట్లు పడతాయి. ఆ చప్పట్లు ఎందుకో అర్థం చేసుకోవచ్చు. తరతరాలుగా మనల్ని పుట్టుకతో కొలిచినవాణ్ణి అదే పుట్టుకతో కొట్టడంలో ఒక తృప్తి ఉంది. కానీ ఆ తృప్తి కోసం మనం దేన్ని ఒప్పుకుంటున్నాం? మనిషి ఎవడో తేల్చాల్సింది వాడి నెత్తురేనని ఒప్పుకుంటున్నాం. అది మన మాట కాదు, మనువు మాట.

ఈ వాదనకు ఎక్కువగా ఆధారంగా చూపే అధ్యయనం 2001లో ‘జీనోమ్ రీసెర్చ్’ పత్రికలో వచ్చింది. మైకేల్ బంషాద్ మొదలైనవారు రాశారు. భారతీయ కులాల మూలాలకు జన్యు సాక్ష్యం ఏమిటన్నది విషయం. దేశం మొత్తం కులాల గురించి మాట్లాడినా, కులాల నమూనాలు తీసుకున్నది మన విశాఖపట్నం జిల్లాలో. ఎనిమిది కులాలు, సుమారు 265 మంది మగవాళ్లు. బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య కులాలు పై వరసలో, కాపు, యాదవ మధ్య వరసలో, మాల, మాదిగ, రెల్లి కింది వరసలో. వీళ్లను ఆఫ్రికా, ఆసియా, యూరప్ జనంతో పోల్చి చూశారు. కులం మెట్టు పైకి పోయేకొద్దీ యూరప్ వాళ్లతో పోలిక పెరుగుతోందనీ, తండ్రి వైపు నుంచి వచ్చే వై క్రోమోజోములో ఇది బాగా కనిపిస్తోందనీ తేల్చారు.

అదే ఏడాది ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో డర్బన్‌లో జాతివివక్షకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి సభ జరిగింది. కులం జాతి కాదు కాబట్టి దాన్ని అక్కడ చర్చించడానికి వీల్లేదని భారత ప్రభుత్వం పట్టుబట్టింది. అలాంటి సమయంలో ఈ అధ్యయనం చేతికందితే, కులం కూడా జాతేనని చూపించాలని మనవాళ్లకు అనిపించడం సహజం. ప్రభుత్వం వేసిన ఉచ్చు అదే. వివక్షను విచారించాలంటే ముందు మీరు వేరే జాతని రుజువు చేసుకోండి అన్నట్టు ప్రశ్నను తిప్పేసింది. వివక్ష ఉందా లేదా అన్న ప్రశ్నకు ముక్కులతో, నెత్తురుతో పనేముంది?

ఇక ఆ అధ్యయనాన్నే నిదానంగా చదువుదాం. మొదటిది, ఆ రచయితలు బ్రాహ్మడు యూరప్ వాడని ఎక్కడా అనలేదు. భారతీయ కులాలన్నీ ప్రధానంగా ఆసియా మూలాలవేననీ, పశ్చిమం నుంచి వచ్చిన కలయిక కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ ఉందనీ ముగించారు. తల్లి వైపు చూస్తే ఎనిమిది కులాలూ ఆసియా జనానికే దగ్గర. అంటే తేడా పాళ్లలో ఉంది, జాతిలో లేదు. రెండవది, పైన, మధ్య, కింద అనే మెట్లు నెత్తుట్లో దొరికినవి కావు. పరిశోధకులు ఊళ్లోంచి పట్టుకొచ్చి లెక్కలో పెట్టినవి. నిచ్చెనను ముందే గోడకు ఆనించి, ఆపైన గోడను కొలిచారు. మాల, మాదిగ, రెల్లి ఒకే గంపలో పడటం కూడా అలా జరిగిందే.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. పశ్చిమం నుంచి వచ్చినవాళ్లు కులవ్యవస్థను ఏర్పాటు చేసి తాము పైన కూర్చుని ఉండవచ్చు అన్నది ఆ వ్యాసం మొదట్లో ఉన్న ఊహ. చివర తేలిన ఫలితం కాదు. ఎవరి పూర్వీకులు ఎటు నుంచి నడిచొచ్చారో డీఎన్‌ఏ కొంతవరకు చెప్పగలదు. బావి దగ్గర ఎవడు ఎవణ్ణి ఆపాడో చెప్పలేదు. ఆ పని చేసింది క్రోమోజోము కాదు. శాస్త్రం, భూమి, రాజు, ఊరు కలిసి చేశాయి.

ఈ కొలతల పిచ్చి కొత్తది కాదు. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిజ్లీ అంతకు ముందే బెంగాల్లో మనుషుల ముక్కులు కొలిపించాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూటితో గుణిస్తే వచ్చేది నాసికా సూచిక. ముక్కు ఎంత చదునైతే కులం అంత కిందన్నాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్స్టన్ అదే పని దక్షిణాదిలో చేశాడు. అతను, రంగాచారి కలిసి తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలు ఏడూ 1909లో అచ్చయ్యాయి. కొలిచే చెయ్యి ఎప్పుడూ ఒకడిది, కొలతకు నిలబడే ఒళ్లు ఎప్పుడూ ఇంకొకడిది.

ఈ ముక్కు శాస్త్రానికి జవాబిచ్చినవాళ్లలో అంబేద్కర్ ముఖ్యుడు. 1936లో ‘కుల నిర్మూలన’లోనే ఆయన తేల్చేశాడు. పంజాబు బ్రాహ్మడికి పంజాబు చమారుతో ఉన్న దగ్గరతనం మద్రాసు బ్రాహ్మడితో లేదనీ, కులం జాతుల విభజన కాదనీ వాదించాడు. 1948లో వచ్చిన ‘అంటరానివాళ్లు’ పుస్తకంలో జాతిభేదం వల్లే అంటరానితనం పుట్టిందన్న స్టాన్లీ రైస్ సిద్ధాంతాన్ని తీసుకుని, ఘుర్యే పుస్తకంలోని ముక్కు కొలతలనే దాని మీదికి తిప్పాడు. మీ కొలతలను నమ్మితే బ్రాహ్మడూ అంటరానివాడూ ఒకే జాతి అవుతారని చూపించాడు. ఆర్య జాతి దండెత్తి వచ్చి శూద్రులను లొంగదీసిందన్న కథనూ 1946 నాటి ‘శూద్రులెవరు’లో ఒప్పుకోలేదు. ఆయన పేరు చెప్పుకునే సభల్లోనే ఆయన కాదన్న వాదనకు చప్పట్లు కొడుతున్నామంటే ఆయన్ని ఫొటోలో చూస్తున్నామే గాని చదవడం లేదన్నమాట.

బంషాద్ తర్వాత జన్యుశాస్త్రం చాలా దూరం వచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో, మళ్లీ 2013లో పెద్ద అధ్యయనాలు చేశారు. 2013 నాటి పనిలో దక్షిణాసియాలోని 73 సమూహాలను చూశారు. సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఇక్కడి జనం విస్తారంగా కలిసిపోయారనీ, ఆ తర్వాతే ఎవరికివాళ్లు తలుపులు మూసుకున్నారనీ తేలింది. ఆ కలయిక దాదాపు అందరిలోనూ ఉంది, ఆదివాసుల్లో కూడా. పాళ్లలో తేడాలు ఉన్నాయి, ఎవరూ కాదనక్కర్లేదు. కానీ వాటిని నిలబెట్టింది ఏమిటి? కులం లోపలే పెళ్లి. కులానికి మూలం ఒళ్లు కాదు. కులమే ఒంటి మీద గుర్తు వేసింది. కులం నడిచేది దాని లోపలి పెళ్లి మీదనేనని అంబేద్కర్ 1916లోనే కొలంబియాలో చదివిన పత్రంలో చెప్పాడు. ప్రయోగశాల అక్కడికి చేరడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

ఈ గుర్తు మన ఒళ్ల మీదే పడలేదు. ఆంధ్రా వైశ్యుల సంగతి చూడండి. రెండు మూడు వేల ఏళ్లుగా బయటి సంబంధం దాదాపు లేకుండా వచ్చిన సమూహంగా 2009 అధ్యయనం వాళ్లను గుర్తించింది. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందును ఒంట్లో విరగ్గొట్టే ఎంజైము లోపం ఆ కులంలో మిగతావాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నిమిషాల్లో తేరుకోవాల్సిన మనిషి గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. మత్తు డాక్టర్లకు ఇది తెలిసిన విషయమే. రక్తశుద్ధి అని మురిసిపోయినదానికి ఇది బిల్లు. ఎకసెక్కానికి చెప్పడం లేదు. సమూహాల మధ్య ఆరోగ్యపు తేడాలు చదివే పని అక్కర్లేదనే వాదన నాది కాదని చెప్పడానికి చెబుతున్నా. ఇలాంటి పరిశోధన ప్రాణం నిలుపుతుంది. ఆదివాసుల్లో సికిల్‌సెల్ జబ్బు విషయంలోనూ అంతే. అయితే అది కూడా జాతి గుర్తు కాదు. మలేరియా ఉన్న చోట తరాలు బతికిన గుర్తు. అందుకే ఆఫ్రికాలోనూ ఉంది, అరేబియాలోనూ ఉంది, నీలగిరుల్లోనూ ఉంది.

గొడవ ఎక్కడంటే, చుట్టూ ఉన్న పరిస్థితి చేసిన గాయాన్ని ఒంటి స్వభావంగా రాసినప్పుడు. ఊపిరితిత్తుల కథ వినండి. అమెరికాలో బానిసల యజమానుల పక్షాన రాసిన డాక్టరు శామ్యూల్ కార్ట్‌రైట్ 1851 ప్రాంతంలో నల్లవాళ్ల ఊపిరితిత్తులు పుట్టుకతోనే బలహీనమన్నాడు. పని చేయిస్తేనే వాళ్లకు ఆరోగ్యమన్నాడు. ఆ ఆలోచన ఊపిరి కొలిచే స్పైరోమీటరులోకి దిగింది. నల్లవాడికి తక్కువ ఊపిరే మామూలని లెక్క సవరించేవాళ్లు. 1999లో బాల్టిమోర్‌లో ఆస్‌బెస్టాస్ దావా పడితే, నల్ల కార్మికుడు పరిహారం అడగాలంటే తెల్లవాడికంటే ఊపిరి ఇంకా ఎక్కువ చెడి ఉండాలని కంపెనీ తరఫున వాదించారు. అమెరికన్ థొరాసిక్ సొసైటీ ఈ జాతి సవరణను వదిలెయ్యమని చెప్పింది 2023లో. ‘మీ ఒళ్లే అంత’ అన్న మాటకు ఉన్న ధర అది.

ఇప్పుడు విశాఖపట్నం వద్దాం. నమూనాలు ఇచ్చిన కులాల్లో రెల్లివాళ్లు ఉన్నారు. కోస్తా పట్నాల్లో వీధులు ఊడ్చిందీ, పాయఖానాలు ఎత్తిందీ, కాలవల్లో దిగిందీ ఎక్కువగా వాళ్లే. వాళ్ల తాతలు ఏ దారిన వచ్చారో చెప్పే అధ్యయనానికి ప్రపంచ పత్రికలో చోటు దొరికింది. వాళ్ల ఊపిరితిత్తుల్లో ఏముందో, చర్మం ఎలా ఉందో, ఏ వయసులో పోతున్నారో ఆ అధ్యయనం అడగలేదు. అది దాని పని కాదు, నిజమే. మరి ఎవరి పని? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదిక తీసి చూస్తే పట్టికలో ఎస్సీ అని ఒకే గడి ఉంటుంది. రెల్లి అందులో మునిగిపోతాడు. మురుగు గుంతలో పడి చచ్చిపోతే కుటుంబానికి 10 లక్షలివ్వమని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో 30 లక్షలు చేసింది. గుంతలో పడకుండా ఇంట్లో మంచం మీద, దగ్గి దగ్గి పోయినవాడు ఏ లెక్కలోకీ రాడు.

లెక్క వేస్తే ఏం తేలుతుందో తెలుసు. తొమ్మిది రాష్ట్రాల 2010-11 నాటి సర్వే ఆధారంగా వ్యాస్, హాథీ, గుప్తా 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. అగ్రకుల హిందువులకంటే దళితుల ఆయుర్దాయం మూడేళ్లకు పైగా, ఆదివాసులది నాలుగేళ్లకు పైగా తక్కువ. పేదరికాన్ని లెక్కలోంచి తీసేసినా ఆ తేడాలో సగానికి మించి అలాగే నిలబడింది. కులం కాదు, అంతా పేదరికమే అనే మన కమ్యూనిస్టు మిత్రులు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఆ తొమ్మిదిలో మన తెలుగు నేల లేదు.

కాబట్టి అడగాల్సింది ఏమిటో స్పష్టం చేసుకుందాం. మన దగ్గర నెత్తురు తీసుకోవడానికి ఎవరైనా వస్తే దేనికని అడగాలి. ఫలితం మన భాషలో, మన పేటకొచ్చి చెబుతారా అని అడగాలి. ఆరోగ్య లెక్కలు ఉపకులాల వారీగా, వృత్తుల వారీగా బయటపెట్టమని ప్రభుత్వాన్ని అడగాలి. అప్పటిదాకా కూర్చోనక్కర్లేదు. మన విద్యార్థులు తమ పేటలో గత పదేళ్లలో పోయినవాళ్ల పేరు, వయసు, పని, జబ్బు ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టొచ్చు. దానికి ప్రయోగశాల అక్కర్లేదు. మనం ఎక్కణ్నించి వచ్చామన్న ప్రశ్నకు తొందర లేదు. ఇంత తొందరగా ఎందుకు పోతున్నామన్న ప్రశ్నకు ఉంది.