షా నాటకములో రోగనిరోధకశక్తి

జార్జి బెర్నార్డ్ షా రచించిన ‘ది డాక్టర్స్ డైలమా’ 1906 నవంబరులో లండను నగరమున మొదట ప్రదర్శింపబడినది. రోగనిరోధకశక్తిని కథకు మూలముగా గైకొన్న నాటకములు అరుదు. కావున దీని గుణదోషములను విజ్ఞానదృష్టితో పరిశీలించుట అవసరము.

కథానాయకుడు రిడ్జన్ క్షయకు టీకామందు కనిపెట్టిన వైద్యుడు. ఆయన వద్ద ఇంకొక్క రోగికే చోటున్నది. ఒకవైపు ప్రతిభ గల చిత్రకారుడు, కాని వంచకుడు. మరొకవైపు నిజాయితీపరుడైన పేదవైద్యుడు. ఎవరిని బ్రతికించవలె? రిడ్జన్ పేదవైద్యుని ఎన్నుకొని, చిత్రకారుని బోనింగ్టన్ అను వైద్యుని కప్పగించును. రోగి మరణించును. చిత్రకారుని భార్యపై రిడ్జనుకు గల మోహము ఈ నిర్ణయమును కలుషితము చేయుచున్నది.

ఇందలి శాస్త్రము కల్పితము కాదు. 1903లో ఆల్మ్రోత్ రైట్, డగ్లస్ అను శాస్త్రజ్ఞులు రక్తరసములోని ‘ఆప్సోనిన్లు’ అను పదార్థములు సూక్ష్మజీవుల కంటుకొని, తెల్లకణములు వాటిని సులభముగా మ్రింగునట్లు చేయునని చూపిరి. అన్నమునకు నెయ్యి కలిపినట్లన్నమాట! ఆప్సోనిన్లు తగ్గిన దశలో టీకా వేసిన హాని కలుగునని నాటకము చెప్పును. ఆప్సోనిన్లు నేటికిని సత్యమే. కాని వాటిని కొలిచి చేసిన చికిత్స నిలువలేదు, ఆ కొలత నమ్మదగినది కానందున.

షా వ్యంగ్యము పదునైనది. బోనింగ్టనుకు ప్రతి రోగమునకు మందు తెల్లకణములను ప్రేరేపించుటయే. వాల్పోలుకు ప్రతి రోగమును రక్తము విషమగుటయే, చికిత్స శస్త్రమే. ఎవరి సిద్ధాంతము వారిదే, పరీక్షించువాడు లేడు.

అయితే 1911లో ప్రకటించిన పీఠికలో షా తానే ఆ తప్పు చేసినాడు. బాల్యమున టీకాలు వేసినను ఆయనకు 1881లో మశూచి సోకినది. ఆయన మశూచి టీకాలనే నిరసించెను. ఆ టీకా రక్షణ కాలక్రమమున తగ్గును, నాడు తిరిగి వేయించుకొనవలసియుండెను. ఆ టీకాల వలననే మశూచి నిర్మూలమైనదని 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. ఒక్క రోగి కోలుకొనుటను బట్టి మందును పొగడు బోనింగ్టనుకును, ఒక్క రోగిని బట్టి టీకాలను తెగడు వానికిని భేదమేమి?

షా వేసిన ప్రశ్నకు సమాధానము 1948లో లభించినది. బ్రిటనులో స్ట్రెప్టోమైసిన్ కొరతగా నున్నప్పుడు, 107 మంది క్షయరోగులలో మందు ఎవరికీయవలెనో యాదృచ్ఛిక సంఖ్యల ద్వారా నిర్ణయించిరి. ఆరునెలలలో మందు పొందిన 55 మందిలో 4 గురు, విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 గురు మరణించిరి. యోగ్యులెవరని వైద్యుడు తీర్పు చెప్పలేదు. మోహమునకు తావు లేదు. మందు విలువయు తేలినది.

ఉపాధ్యాయులు ఈ నాటకమును తరగతిలో చర్చింపదగును. మందు పుచ్చుకొన్న పిమ్మట రోగము తగ్గుట వేరు, మందు వలన తగ్గుట వేరు. ఈ భేదము గ్రహించిన విద్యార్థి షా కంటె ఒక అడుగు ముందున్నవాడే.