అగాధజలముల పురుగును పోల్చుకొనుట

కలకత్తా చౌరంగీలోని ఇండియన్ మ్యూజియమునకు పోయిన తెలుగువారు ఈజిప్టు శవమును, అస్థిపంజరములను చూచి మరలివత్తురు గాని, ఆ మ్యూజియమునుండియే చీలి 1916 జూలై 1న జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాగా నెలకొన్న సంస్థయందు గాజుపాత్రలలో పడియున్న సముద్రపు పురుగులను తలచువారు అరుదు. 1881లో జలప్రవేశము చేసిన ఇన్వెస్టిగేటర్ నౌక లోతునీట వలలు దించి తెచ్చిన ప్రాణులలో పెక్కు ఈ నగరమునకే చేరెను. మ్యూజియమున పోగుపడిన, పాలీకీటులను శూకపు పురుగులను ఫ్రెంచి పండితుడు పియెర్ ఫోవెల్ శోధించి 1932లో గ్రంథముగా వెలువరించెను.

ఆ శోధన ఓర్పుతో కూడిన పని. తలపై స్పర్శాంగములెన్ని, కన్నులున్నవా, బయటికి పొడుచుకొనివచ్చు గొంతులో దవడలున్నవా అని సూక్ష్మదర్శిని క్రింద చూచినపిమ్మట, ఖండములను తలనుండి లెక్కించి, ఒక పార్శ్వపాదమును సన్నని కత్తెరతో కోసి, గ్లిజరిన్ చుక్కలో గాజుపలకపై పరచి, అందలి శూకముల కొనలను పరికింపవలెను: సూటిగా సన్నగిల్లినవి కొన్ని, వంగి కొక్కెమైనవి కొన్ని, రెండుగా చీలినవి కొన్ని. పదవ ఖండపు పాదమును ముప్పదవ ఖండపు పాదముతో పోల్చినవాడు ఒకే పురుగును రెండు జాతులుగా భ్రమించును.

1977లో గాలాపగోస్ చెంత రమారమి 2,500 మీటర్ల లోతున, ఉష్ణజలపు ఊటలచుట్టు, నోరును ప్రేగులును లేక, దేహములోని బాక్టీరియాలు సమకూర్చు ఆహారముతో జీవించు నాళపు పురుగులు కనబడినప్పుడు ఈ విద్యకు పెద్ద పరీక్ష వచ్చెను. వానికి రిఫ్టియా అని 1981లో పేరిడిన శాస్త్రజ్ఞుడు మెరెడిత్ జోన్స్, 1985లో అట్టివాని నన్నింటిని ప్రత్యేక వర్గముగానే నిలిపెను. అయితే వీని బంధువులైన సన్నని పురుగులను పైకి లాగునప్పుడు తోక తెగి అడుగుననే మిగిలిపోవుచుండెననియు, ఆ తోక ఖండములుగా విభక్తమై శూకములు కలిగియుండుననియు 1964లోనే తేలియుండెను. డిఎన్ఏ పరీక్ష ఆ తోక పలికిన సాక్ష్యమునే బలపఱచి, వీనిని వానపాముల వర్గమైన అనెలిడాలో, 1914 నాటి సిబోగ్లినిడే కుటుంబమున చేర్చినది. కత్తెర ముందు చెప్పినదానినే యంత్రము తరువాత చెప్పెనని నేనందును; కొందఱు ఒప్పుకొనరు.

రూపము మోసగించుటయు కలదు. ఈశాన్య పసిఫిక్ మహాసముద్రపు రిడ్జియా అను నాళపు పురుగు, వేడినీరు ధారాళముగ పాఱుచోట పొట్టిగా లావుగాను, మెల్లగ పాఱుచోట పొడవుగా సన్నగాను పెరుగుటచే రెండు జాతులని యెంచబడి, 1995లో ఒక్కటైనది. ఆర్కినోమ్ కథ దీనికి విపరీతము: మూడు మహాసముద్రముల ఊటలలోను ఒకే జాతియని నమోదగుచు వచ్చిన ఆ పురుగుల ప్రజాతిలో అయిదు జాతులున్నవని 2013లో గుర్తింపబడినది. వానిలో క్రొత్తవి మూడింటికి డిఎన్ఏ ఒక్కటే ఆధారము, రూపమున నిశ్చయమగు భేదము దొరకలేదు. ఇక్కడ కత్తెర ఓడినదని ఒప్పుకొనక తప్పదు. ఐనను మైటోకాండ్రియాలోని సి.ఓ.ఐ. అను జన్యు వొక్కటినే నమ్మియుండిన ఆఱు శాఖల వఱకు లెక్కకు వచ్చెడివి. ఇతర జన్యువులను చేర్చి చూచినందుననే సంఖ్య అయిదునకు దిగెను.

రూపమా, డిఎన్ఏయా అను ఈ ప్రశ్న మనకు సమీపించినది. హిందూ మహాసముద్రమున 4,500 మీటర్ల లోతునగల ఉష్ణజలపు ఊటను భారతీయ శాస్త్రజ్ఞులు చిత్రీకరించినట్లు 2024 డిసెంబరులో ప్రకటింపబడినది. అట్టిచోట్లనుండి పురుగులు పైకి వచ్చునప్పుడు నౌకపై జరుగవలసిన పని స్వల్పమైనదే గాని దాని క్రమము తప్పరాదు: ముందు పురుగును ఫొటో తీయవలెను, ఏలయన నిల్వచేయు ద్రవమున మునిగినపిమ్మట వన్నె పోవును, పిదప వెనుకభాగమునుండి చిన్నముక్క కోసి గాఢమైన ఆల్కహాలులో వేయవలెను, ఏలయన ఫార్మలిన్ డిఎన్ఏను చెఱచును, మిగిలిన దేహమును, శూకములు చెదరకుండ, ఫార్మలిన్‌లో ఉంచి, రెండు సీసాలకును ఒకే సంఖ్య వ్రాయవలెను.