మందుల అరలో పొగ వాసన

మూలికలు వేసి, పొగ పట్టించి, పులియబెట్టిన పానీయం ఉరవకొండలో ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఎవరికైనా ముందు కల్లే గుర్తొస్తుంది. వంక గట్ల మీద ఈత చెట్లున్న సీమ కదా. కానీ కల్లులో మూలికా లేదు, పొగా లేదు. మనం అడిగిన సరుకు ఆయుర్వేద మందుల అంగట్లో, త్రిఫల చూర్ణం డబ్బాల పక్కన నిలబడి ఉంటుంది. దాని పేరు అరిష్టం. సీసా మీది చీటీలో మోతాదు మిల్లీలీటర్లలో రాసి ఉంటుంది. కొన్నవాళ్లు ముక్కు మూసుకుని గుటుక్కున మింగుతారు. దాన్ని నాలుక మీద ఉంచుకుని రుచి చూద్దామన్న ఆలోచన మనలో ఎవరికీ రాదు.

ఇలాంటి పానీయం కోసం వేరే దేశాల్లో జనం పనిగట్టుకుని ప్రయాణాలు చేస్తారు. స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవిలో రైతులు బార్లీ మొలకలను బర్చ్ కట్టెల పొగలో ఆరబెట్టి, జునిపర్ కొమ్మలు పరిచిన తొట్టిలో వడకట్టి ఇంటి బీరు కాచుకుంటారు. నార్వేలోని స్త్యోర్దాల్ వాళ్లది ఆల్డర్ కట్టె పొగ. జర్మనీలో బాంబెర్గ్ ఊరి ష్లెంకెర్లా బీరు బీచ్ కట్టె పొగతో తయారై, తాగుతుంటే కాల్చిన మాంసం వాసన వేస్తుంది. వాళ్ల పొగ గింజకు పడుతుంది. మన పొగ కుండకు పడుతుంది. పద్ధతిలో తేడా అక్కడ మొదలవుతుంది. అరిష్టం వల్ల ఏ జబ్బు నయమవుతుందో వైద్యులు చెప్పాలి, ఆ జోలికి నేను పోను. పులియబెట్టే పనితనంగా అది బీరు పక్కన తలెత్తుకుని నిలబడగలదన్నది మాత్రం నా వాదన.

ఈ పనితనం చాలా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారికి ఒక అధ్యాయమే ఉంది. మేదకం, ప్రసన్న, ఆసవం, మైరేయం లాంటి వాటికి పాళ్లు చెప్పిన ఆ గ్రంథం, అరిష్టాల దగ్గరికి వచ్చేసరికి ఏ రోగానికి ఏదన్నది వైద్యుల లెక్క ప్రకారం అని వదిలేస్తుంది. అంటే అప్పటికే అరిష్టం సుర పక్కనే కూర్చుని, వైద్యుడి వైపు సగం తిరిగి ఉంది. చరక సంహిత సూత్రస్థానం ఆసవాలను 84గా లెక్కగట్టింది. వాటిలో పండ్లతో చేసేవి 26, చెట్టు చేవతో చేసేవి 20, వేళ్లతో 11, పూలతో 10, ధాన్యంతో 6. కాండాలు, ఆకులు, పట్టలు, చక్కెర మిగతావాటికి మూలం. బీరుకు దగ్గరి చుట్టాలు ఆ ఆరు ధాన్యపు ఆసవాలే. నేడు అంగట్లో దొరికేవాటిలో ఎక్కువ బెల్లంతో పులిసినవి కాబట్టి, కచ్చితంగా మాట్లాడితే అవి బీర్లు కావు. నాకు దాంతో పేచీ లేదు.

శార్ఙ్గధరుడి సంహితలో మామూలు కొలత ఇలా ఉంటుంది: ద్రోణం ద్రవానికి తులం బెల్లం, బెల్లంలో సగం తేనె, పదో వంతు పొడులు. ఇక్కడ తులమంటే బంగారం తూచే తులం కాదు, 100 పలాలు. నేటి లెక్కలో సుమారు 12 లీటర్లకు 4.8 కిలోల బెల్లం. ఎంత చిక్కని తీపో చూడండి. బీరు కాచేవాళ్లు మామూలుగా లీటరుకు 120 గ్రాముల తీపి దగ్గర ఆగుతారు. ఇక్కడ బెల్లమే లీటరుకు 400 గ్రాములకు దగ్గరగా ఉంది, తేనె అదనం. అంత తీపిని ఈస్ట్ పూర్తిగా తినలేదు. కొంత ఆల్కహాల్ పుట్టించి, మిగతా తీపిని అలాగే వదిలేసి చల్లబడుతుంది. అందుకే అరిష్టాల్లో ఆల్కహాల్ చాలావరకు 5 నుంచి 10 శాతం మధ్య నిలుస్తుంది, తీపి మాత్రం గట్టిగా ఉంటుంది.

మూలికలను మరిగించి కషాయం చేసి పులియబెడితే అరిష్టం, మరిగించకుండా నీళ్లలో వేసి పులియబెడితే ఆసవం. ఈ మరిగించడంలోనే ఒక చిక్కుంది. ద్రాక్షారిష్టానికి ద్రాక్షను నీళ్లలో వేసి నాలుగో వంతుకు దిగేదాకా కాస్తారు. ద్రాక్ష తొక్క మీద సహజంగా ఉండే ఈస్ట్ ఆ వేడికి చచ్చిపోతుంది. మరి పులిసేదెట్లా? దానికి పాతవాళ్లు కనుక్కున్న ఉపాయం ధాతకి పూలు. కొండల్లో పొదలుగా పెరిగే ఆ చెట్టు ఎర్రటి పూల మకరందంలో ఈస్ట్ కాపురముంటుంది. పూలు ఎండినా అందులో కొంత బతికే ఉంటుంది. కషాయం బాగా చల్లారాక ఆ పూలను కలుపుతారు. నార్వే పల్లెల్లో బీరు ఈస్ట్‌ను చెక్క దండలకు పట్టించి, ఎండబెట్టి, మళ్లీ కాచే రోజు దాకా దాచేవాళ్లు. వాళ్లకు చెక్క దండ, మనకు ఎండు పువ్వు. సూక్ష్మజీవి అన్న మాట పుట్టకముందే రెండు చోట్లా దాన్ని దాచిపెట్టడం నేర్చారు. ధాతకి పువ్వు వగరు కూడా. ఆ వగరే తర్వాత నాలుక మీద తీపికి కళ్లెం వేస్తుంది.

ఇక పొగ. ఉరవకొండ నుంచి పెన్నహోబిలం వైపు పోయే దారిలో, ఒక పల్లెలో, ఇంటి మట్టుకు అరిష్టం చేసుకునే ముసలి వైద్యుడి దగ్గర దాన్ని కళ్లారా చూశాను. కడిగి ఎండబెట్టిన కుండ లోపల నెయ్యి పూశాడు. మట్టి కుండకు ఉండే సన్నని రంధ్రాలు దానితో పూడుతాయి. మూకుట్లో నిప్పులు వేసి, మైసాక్షి, వస, జటామాంసి, నాలుగు మిరియాలు చల్లి, కుండను దాని మీద బోర్లించాడు. అంచుల నుంచి తెల్లగా పొగ జారుతుంటే బీడీ వెలిగించుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"పొగ పెట్టకపోతే ఏమవుతుందయ్యా?" అని అడిగాను.

"ఏమైతుంది, పుల్లగైతుంది. కడిగినంత మాత్రాన కుండ సుద్ధమైనట్టు కాదప్పా. మన్ను వాసన పోవల్ల, మంచి వాసన పట్టల్ల."

ఆయన మాటలో రసాయన శాస్త్రం ఉంది. మూలికల పొగలోని పదార్థాలు నెయ్యి పూసిన గోడకు అంటుకుని, బూజునూ, పానీయాన్ని పులుపెక్కించే జీవులనూ వెనక్కి నెడతాయి. పూర్తిగా శుద్ధి చేయవు, అంత అవసరమూ లేదు. ధాతకి పువ్వు మీది ఈస్ట్‌కు మొదటి కొన్ని రోజులు పోటీ లేకుండా చేస్తే చాలు, ఆపైన అది పుట్టించే ఆల్కహాలే కాపలా కాస్తుంది. నార్వే పల్లెటూళ్లలో బీరు తొట్లను జునిపర్ కొమ్మలు కాచిన నీళ్లతో కడిగేదీ ఇందుకే. పొగ వాసన మాత్రం పోదు, పానీయంలోకి దిగుతుంది. పిడకల దాలిలో రోజంతా కాగిన పాలు తాగినవాళ్లకు ఆ వాసన సులభంగా అర్థమవుతుంది.

కుండ మూతికి గుడ్డ చుట్టి, బంకమట్టి మెత్తి, ధాన్యపు రాశిలోనో నేలలోనో నెల రోజులు పూడ్చి ఉంచాలని శాస్త్రం. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఈ పీఠభూమిలో ఆ మాట వట్టి ఆచారం కాదు. వేడెక్కిన కుండ త్వరగా పులిసి ఘాటెక్కుతుంది, పాడవుతుంది. చుట్టూ గింజలు ఉంటే పగటి వేడికీ రాత్రి చలికీ కుండ ఊగిసలాడదు. "మా తాత జొన్న పాతరలో పెడ్తా ఉండె. ఇప్పుడు పాతర్లు యాడుండాయి, పొట్టులో పెడ్తాండా" అన్నాడాయన. దీపావళి దాటాకే మొదలుపెడతాడట, ఎండలు ముదిరాక ముట్టుకోడట.

పులియడం అయిందో లేదో తేల్చుకునే పరీక్షలు నాకు అన్నిటికంటే నచ్చాయి. కుండకు చెవి ఆనిస్తే, పులుస్తున్నంత కాలం లోపల సన్నగా బుసబుస వినిపిస్తుంది. వెలిగించిన పుల్ల మూతి దగ్గర పెడితే బొగ్గుపులుసు వాయువుకు ఆరిపోతుంది. చప్పుడు ఆగి, పుల్ల ఆరకుండా వెలిగి, తేలిన పూలు అడుక్కు చేరితే పని అయినట్టు. తర్వాత వడకట్టి నిలవ పెట్టడమే. దశమూలారిష్టంలో చివర చిల్లగింజ వేయమని ఉంది. మన పల్లెల్లో చెరువు నీళ్లు తేటపడటానికి కుండ లోపల అరగదీసే గింజే ఇది. బీరు కాచేవాళ్లకూ మడ్డి దించే పదార్థాలున్నాయి. మన గింజ మాత్రం మనకు ఎప్పటినుంచో చేతికందే దూరంలో ఉంది.

కల్లు సంగతి చెప్పకుండా పోతే ఈ నేల మీద అన్యాయం. ఈత చెట్టుకు ఏడాదికొక వైపు గీత పెడుతూ, మరుసటి ఏడు ఎదురు వైపుకు మారుతూ పోతే మాను మెట్లు మెట్లుగా తయారవుతుంది. చెట్టు ఈడు ఆ గాట్లను బట్టి చెప్పవచ్చు. కల్లుకు ఈస్ట్‌ను వెతికే పని లేదు, లొట్టిలోనే ఉంటుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు. దాని ఆయువు ఒక పూట, దాని అందమూ అదే. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపే దుర్మార్గం వచ్చాక ఆ అందాన్ని నమ్మి తాగే ధైర్యం చాలామందికి పోయింది. అరిష్టం సరిగ్గా దీనికి ఎదురు. నిలవ ఉన్నకొద్దీ గుణం పెరుగుతుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. పాత సీసా నాలుక మీద మెత్తగా జారుతుందన్నది నా అనుభవం కూడా.

20వ శతాబ్దం మొదట్లో మద్రాసులో పండిత డి. గోపాలాచార్యులు, కేసరి కుటీరం స్థాపించిన కె.ఎన్. కేసరి వంటి తెలుగు వైద్యులు ఆయుర్వేదాన్ని వైద్యుడి ఇంటి నుంచి సీసాకూ, పత్రికా ప్రకటనకూ తెచ్చారు. దానివల్ల మందు ఊరూరికీ చేరింది. ఉత్పత్తి పెరిగాక కుండ పోయింది, దాని స్థానంలోకి స్టీలు ట్యాంకు వచ్చింది. స్టీలుకు నెయ్యి పూయరు, నిప్పుల మీద బోర్లించరు. పరిశుభ్రతకు అది మంచిదే, కాదనను. కానీ అంగడి సీసాలో నాకు బెల్లం, దాల్చినచెక్క, ఏలకి, మిరియం దొరికాయి గానీ పొగ దొరకలేదు. పల్లె కుండలోది తాగితే ముందు తీపి, వెంటనే వగరు, గొంతు దిగాక మిరియం వెచ్చదనం, అన్నీ అయ్యాక ముక్కు వెనక నుంచి మైసాక్షి పొగ వచ్చాయి. ఆ ఆఖరి మెట్టు లేకపోతే మిగతాది మంచి పాకం మాత్రమే అనిపించింది. కుండలో చేసింది అమ్మాలంటే ఔషధ తయారీ లైసెన్సు కావాలి, ముసలాయనకు ఆ ఊసే లేదు. తయారీదార్లలో ఎవరైనా ఒక్క రకాన్నైనా పొగబెట్టిన కుండలో చేసి, ఆ మాట సీసా మీద రాసి అమ్మితే ఎక్కువ ధర పెట్టి కొనడానికి నేను సిద్ధం.

రుచి చూడదలిచినవాళ్లకు నాలుగు మాటలు. సీసా మీద సహజంగా పుట్టిన ఆల్కహాల్ శాతం రాసి ఉంటుంది, చదవండి. గర్భిణులు, పిల్లలు, కాలేయ జబ్బులవాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. మిగతావాళ్లు కూడా చీటీ మీది మోతాదు దాటవద్దు, అది మామూలుగా 12 నుంచి 24 మిల్లీలీటర్లు. సమానంగా నీళ్లు కలుపుకోమని ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు, అసలు కిటుకు అక్కడే ఉంది. నీళ్లు పడగానే తీపి పలచబడి మూలికల వాసనలు విడిపోతాయి. 8 శాతం ఉన్నది 4 శాతానికి దిగి, బలంలో సరిగ్గా తేలికపాటి బీరు అవుతుంది. ముంత నీళ్లయితే ఇంకా మేలు. ముందు ద్రాక్షారిష్టంతో మొదలుపెట్టండి. దశమూలారిష్టంలో 60కి పైగా దినుసులుంటాయి, దాని చేదుకు నాలుక అలవాటు పడటానికి కొంత కాలం పడుతుంది.