చంద్రమతి : ఋణము, దాస్యము, మాతృత్వము

హరిశ్చంద్రోపాఖ్యానమును గూర్చి మన విమర్శకులు వ్రాసినది తక్కువ కాదు. అందు అధికభాగము హరిశ్చంద్రుని సత్యనిష్ఠను గూర్చియు, విశ్వామిత్రుని కాఠిన్యమును గూర్చియు, నక్షత్రకుని పాత్రపోషణమును గూర్చియు నైయున్నది. చంద్రమతి ప్రసక్తి వచ్చినపుడు పతివ్రతాశిరోమణి యను నొక్కమాటతో సరిపెట్టుట పరిపాటి. ఆ మాట అసత్యము కాదు, చాలని మాట. కాశీపురమున విక్రయమైన క్షణము మొదలు శ్మశానమున భర్తను గుర్తించువరకు ఆమె భర్తతోడు లేక, చేత కాసు లేక, పరుల యింట ఒక బిడ్డను పెంచుకొనుచున్న తల్లి. కథలో మిక్కిలి బలమైన భాగమిదియే. దీనిని పాతివ్రత్యపరీక్షగా మాత్రమే చదువుట వలన కవులు చూపిన సూక్ష్మవిషయములు కొన్ని మన దృష్టికి రాకపోయినవి.

ఈ లోపమునకు కారణము కొంతవరకు మన పరిభాషయందే కలదు. ఆలంకారికులు అష్టవిధ నాయికలను నిరూపించిరి. భర్త దూరమైన స్త్రీకి ప్రోషితభర్తృక యని పేరిడిరి. ఆమె దుఃఖము విరహము; దానికి చంద్రుడును మలయానిలుడును ఉద్దీపనలు. కాని భర్త దూరమైన యింట రేపటి గ్రాసమెట్లను చింత ఆ లక్షణమునందిమడదు. ధర్మశాస్త్రములు విధవను, పరిత్యక్తను ఎరుగును. ఈ పేర్లన్నియు స్త్రీకి పురుషునితో గల సంబంధమును బట్టి యేర్పడినవే. బిడ్డతో గల సంబంధమును బట్టి, బిడ్డను పోషింపవలసిన భారమును బట్టి యేర్పడిన పేరొక్కటియు లేదు. 2017వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము పింఛను నిమిత్తము 'ఒంటరి మహిళ' యను పేరును కాగితములకెక్కించినది. అది మేలే. ఐనను ఆ పేరునందును బిడ్డ కనబడడు. పేరు లేనిదానిని లాక్షణికులు చూడలేదు. కవులు మాత్రము చూచిరి.

మార్కండేయపురాణ మూలమున రాణి పేరు శైబ్య, కుమారుడు రోహితాశ్వుడు. తెలుగున వారు చంద్రమతియు లోహితాస్యుడును. మూలమునందలి విక్రయఘట్టమును పరిశోధకులు మరల శ్రద్ధతో చదువవలెను. ముని దక్షిణకు గడువు ముగియవచ్చినది. తన్ను విక్రయింపుమని మొదట పలికినది రాణియే. కొనవచ్చిన వృద్ధబ్రాహ్మణుడు తన భార్య సుకుమారి యనియు, ఇంటిపని చేయజాలదనియు కారణము చెప్పును. ఒక యింటి స్త్రీకి శ్రమ తప్పించుటకై వేరొక యింటి స్త్రీ అంగడికెక్కినది. పురాణకర్త దీనిపై వ్యాఖ్య చేయలేదు. చేయవలసిన పనియు లేదు.

ఆపైన బాలుడు తల్లి కొంగు పట్టుకొనును. కొన్నవాడు వానిని కాలదన్నును. అప్పుడు రాణి పలికిన పలుకు నా దృష్టిలో ఈ కథకంతటికిని మూలకందము. ఈ బాలుని కూడ కొనుము, నేను విక్రీతనైనను వీడు లేనిదే నీ పని నెరవేర్పజాలను అని ఆమె వేడును. దయ తలపుమని యడిగినది నిజమే. కాని ఆ వెంటనే చెప్పిన హేతువు దయకు సంబంధించినది కాదు. ధర్మము పేరెత్తలేదు, తాను రాజపత్నినని చెప్పలేదు, బిడ్డ కన్నీటిని చూపలేదు. కొన్నవానికి అర్థమగు భాష ఒక్కటే, అది లాభనష్టముల భాష. బిడ్డ దూరమైనచో పనిమనిషి పని చెడును, కావున నీ సొమ్ము దండుగ యగును అని ఆమె వాదము. మాతృస్నేహమును యజమాని లెక్కలోనికి మార్చి చెప్పిన యీ నేర్పు దారిద్ర్యము నేర్పినది. అంతఃపురమున పెరిగిన స్త్రీ ఒక్క దినములో దీనిని నేర్చినది! ఆ వాదము ఫలించినది. బ్రాహ్మణుడు బాలునకును వెల యిచ్చి ఇరువురను కొనిపోయెను.

ఇక్కడనే విషాదబీజము పడినది. కొనబడిన బాలుడు బాలుడుగా నుండడు, పనివాడగును. తెలుగున ప్రసిద్ధమైన కథలో కాలకౌశికుని యింట లోహితాస్యుడు దర్భలకై అడవికి పంపబడును, అచట పాము కరచి మరణించును. తల్లి బిడ్డను తనవద్ద నుంచుకొనుటకు చేసిన బేరమే వానిని ఆ పుట్టదగ్గరకు చేర్చినది. ఆమె యందు దోషమున్నదని నా తాత్పర్యము కాదు. ఆమెకు రెండు మార్గములే యుండెను: బిడ్డను విడుచుట, లేదా బిడ్డను అమ్ముట. రెండవదానిని ఎన్నుకొన్నది. లేమి చేయు క్రూరకార్యము సొమ్ము లేకుండ చేయుట యొక్కటియే కాదు. ఎన్నుకొనుటకు మిగిలిన దారులన్నిటిని చెడ్డవానినిగా చేయుట అంతకంటె క్రూరము.

దీనికి ప్రాచీనతరమైన ప్రతిబింబమొకటి కలదు. ఐతరేయబ్రాహ్మణమున హరిశ్చంద్రుని కథయే మరియొక రూపమున నున్నది. అందు అజీగర్తుడు ఆకలిచే పీడితుడై నూరు గోవులకు తన నడిమి కొడుకైన శునశ్శేపుని అమ్మును. మరి నూరింటికి వానిని యూపమునకు కట్టును, మరి నూరింటికి వధింపబూనును. ఆ తండ్రియు పేదవాడే, ఈ తల్లియు పేదరాలే. అతడు బిడ్డకు వెల కట్టించుకొనుట తన కడుపు కొరకు, ఈమె కట్టించుట బిడ్డతో కూడియుండుట కొరకు. హరిశ్చంద్రుని పేరుతో నడచు రెండు కథలలోను పిల్లవాని వెల ప్రధానవిషయ మగుట యాదృచ్ఛికమని నేను తలపను.

కాలకౌశికుని యింటి ఘట్టములు గౌరన 15వ శతాబ్దిలో రచించిన ద్విపదకావ్యమున, పిదప నాటకములందును వ్యాప్తినొందినవి. గౌరన ద్విపదను ఎన్నుకొనుట ఇట్టి విషయమున కలిసివచ్చినది. ఒక పని పిమ్మట ఒక పనిగా సాగు ఇల్లాలి దినచర్యను చెప్పుటకు వృత్తపద్యము కంటె ద్విపద అనువు. ఎచటను ఆగి సమాసాడంబరముతో కన్నీరు పెట్టింపనవసరము లేదు. కుమారుడు పడిపోయెనని విన్న తల్లి వెంటనే పరుగెత్తలేదు. పరుగెత్తుటకు ఆమెకు స్వాతంత్ర్యము లేదు. ఇంటిపని ముగిసినగాని కదలరాదు. రాత్రి చీకటిలో ఒంటరిగా అడవి దారి పట్టినది. ద్రవ్యము లేనివారికి మొదట పోవునది కాలము. ఆమె దినము ఆమెది కాదు, కావున ఆమె దుఃఖమునకును వేళ నిర్ణయించువాడు యజమానియే. విమర్శకులు ఈ ఘట్టమున కాలకౌశికుని నిర్దయను వర్ణించి ఊరకుందురు. వాని స్థానమున ఇంచుక మంచివాడున్నను ఆ స్థితి మారదని గమనింపవలెను.

భారతమున కుంతిని ఇట పోల్చి చూడదగును. ఏకచక్రపురమున బిడ్డలు తెచ్చిన భిక్షాన్నమును ఆమె సగము భీమునకు, తక్కిన సగము మిగిలినవారికిని తనకును పంచెడిది. ఆ పంపకము నిపుణమైన గృహిణి లెక్క. సమముగా పంచుట న్యాయము కాదని ఎరిగిన తల్లి లెక్క. మాద్రి బిడ్డలును ఆ పంక్తియందే యున్నారు. కాని కుంతికి పంచుటకేదో యొకటి యున్నది, తెచ్చుటకు ఎదిగిన కొడుకులున్నారు. చంద్రమతికి ఆ రెండును లేవు.

ఇక శ్మశానము. భార్య, పుత్రుడు, దాసుడు ఈ మువ్వురును ధనహీనులనియు, వారు ఆర్జించినది వారెవరి సొత్తో వారికే చెందుననియు మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము శాసించుచున్నది. చంద్రమతి భార్య, దాసి. లోహితాస్యుడు పుత్రుడు, దాసుడు. శాస్త్రము ఏమియు కలిగియుండరాదన్న వ్యక్తిని, ఏమియు కలిగియుండరాదన్న శవమునకై, సుంకము చెల్లింపుమని అడుగుచున్నారు. అడుగువాడు ఆ బిడ్డ తండ్రి; అతడును దాసుడే. మూలపురాణమున సుంకమునకు ఇంత ప్రాముఖ్యము లేదు. దానిని పెంచిన తరువాతి కవులు కథాహృదయమును చక్కగా పట్టిరి. ఆమె మెడలోని మంగళసూత్రము భర్తకు తప్ప అన్యులకు కనబడదన్న కల్పనను పాతివ్రత్యమహిమగా వ్యాఖ్యానింతురు. ఆమెకు మిగిలిన ఏకైకవస్తువు అంగడిలో కనబడునది కాదు. దానిని చూచి, అమ్మి సుంకము కట్టుమన్నవాడు దానిని కట్టినవాడే. ఇంతటి నాటకీయవ్యంగ్యము మన సాహిత్యమున అరుదు.

దురదృష్టవశమున రంగస్థలము దీనిని నిలుపుకొనలేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకమున కాటిసీను హరిశ్చంద్ర పాత్రధారి గాత్రమునకు నెలవైనది. జాషువ శ్మశానవాటి పద్యములు కూడ అచట చేరినవి. ఆ పద్యముల గొప్పతనమును కాదనను, డి.వి. సుబ్బారావు వంటి నటుల ప్రతిభను కాదనను. కాని రాగాలాపనము సాగినంతసేపును శవమును ఒడిలో పెట్టుకొని సుంకమునకు దారి వెదకవలసిన తల్లి రంగమున ఒక మూల ఊరక కూర్చుండును. ప్రేక్షకుడు మృత్యువును గూర్చి తత్త్వము విని ఇంటికి పోవును. సుంకము సంగతి మరచును.

పురాణకథకు ఆర్థికదృష్టిని అంటగట్టుట ఆధునికుల చాపల్యమని కొందరు ఆక్షేపింతురు. ఈ కథలో ఋణమున్నది, గడువున్నది, వసూలుకు వెంట తిరుగు మనిషి ఉన్నాడు, భార్యకొక వెల, బిడ్డకొక వెల, శవమునకొక సుంకము ఉన్నవి. లెక్కలు కవులు వేసినవే. మనము వానిని చదువక విడిచితిమి.

కథాంతమున కవులును కొంత తడబడిరని చెప్పక తప్పదు. మూలమున చండాలుడు ధర్మదేవత యని తేలును. తెలుగు సంప్రదాయమున కాలకౌశికుడును దేవతాంశయే యగును. దానితో యజమానుల దోషము పరీక్షగా మారిపోయినది. బిడ్డ లేచి కూర్చుండును, రాజ్యము తిరిగి వచ్చును. ఋణదాతయే చేయి పట్టుకొని సింహాసనమున కూర్చుండబెట్టిన ఆ బాలుడు, తాను దర్భలు కోసిన యింటిని తరువాత ఎట్లు తలచుకొనెనో ఏ కవియు చెప్పలేదు.