రీట్రెడ్ టైరులో కనిపించని పనితనం

మెల్‌బోర్న్ పడమటి శివారు ట్రుగనీనాలో ఇళ్ల వరుసలు ఆగిన చోట గోదాములు మొదలవుతాయి. వాటి ముందు నిలిచే తొమ్మిది ఇరుసుల బీ-డబుల్ ట్రక్కుకు 34 టైర్లు. వెనకాల ట్రెయిలర్లకు రీట్రెడ్, అంటే అరిగిన టైరు మీద కొత్త ట్రెడ్ (గ్రిప్పు ఉన్న పైపొర), వేయించడం ఈ రవాణాలో మామూలే. అయినా హైవే అంచున నల్లటి రబ్బరు పేలిక కనబడగానే కారులో వెళ్లేవారు అనే మాట ఒక్కటే: రీట్రెడ్ ఊడింది.

ఆ పేలికను తిరగేసి చూడాలి. రబ్బరులోంచి ఉక్కు తీగలు పొడుచుకొచ్చి ఉంటే తెగింది అతుకు కాదు, టైరు లోపలి బెల్టులు. కొత్త టైరుకూ అదే గతి పట్టవచ్చు. అమెరికా రహదారి భద్రతా సంస్థ కోసం మిషిగన్ విశ్వవిద్యాలయం రోడ్ల మీది టైరు ముక్కలను పరీక్షించి 2008లో నివేదిక ఇచ్చింది. అందులో ముందు వరుసలో నిలిచిన కారణాలు రోడ్డు మీద తగిలిన దెబ్బలు, అతివేడి. గాలి తగ్గిన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి వేడెక్కుతుంది. జంట చక్రాల్లో లోపలిదానికి గాలి తగ్గినా బయటిది బరువు మోస్తూ ఆ సంగతి దాచేస్తుంది. గాలి చూసుకోని ఈ నిర్లక్ష్యానికి నింద రీట్రెడ్ చేసినవాడి మీద పడడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అతని పని ఎంత సున్నితమో చూడండి. ముందు కేసింగ్‌ను, అంటే అరిగిన గ్రిప్పు కింది అసలు టైరును, లోపలా బయటా వెతుకుతాడు. పెద్ద షాపుల్లో లేజర్ యంత్రం కంటికి అందని పొరల ఎడబాటును పట్టిస్తుంది. పనికిరానిదాన్ని పక్కన పడేసే ధైర్యం ఉన్న షాపే మంచి షాపు. తర్వాత బఫింగ్. గాలి నింపిన కేసింగ్‌ను తిప్పుతూ పాత రబ్బరు గీకేస్తారు. లోతు మించితే బెల్టుకు గాయం. నునుపు తేలితే పట్టు ఉండదు. యంత్రం వేడెక్కి రబ్బరు మాడితే అతుకు నిలవదు. ఆ పైన చిన్న గ్రైండరుతో ఒక్కో గాటునూ తెరిచి, చెడిన రబ్బరు, తుప్పు తీసేసి, గుంటను పూడుస్తారు. నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇక్కడే: ఎవరికీ కనబడని ఆ గాటు దగ్గర చేయి తొందరపడకూడదు.

ఇక అతుకు. కేసింగ్ ఉడికిన రబ్బరు, పైన చుట్టే ట్రెడ్ కూడా ముందే ఉడికినది. రెండింటి మధ్య కుషన్ గమ్ అనే పల్చటి పచ్చి పొర. కవరు తొడిగి, ఒత్తిడి గదిలో సుమారు 100 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచితే, ఆ పొర ఉడుకుతూ ఇటూ అటూ పట్టేసుకుంటుంది. అచ్చులో పచ్చి ట్రెడ్‌ను ఉడికించే పాత పద్ధతికి దాదాపు 150 డిగ్రీలు కావాలి. తక్కువ వేడి పద్ధతిని రూపొందించినవాడు జర్మనీకి చెందిన బెర్నార్డ్ నోవాక్; 1957లో హక్కులు కొని బ్యాండాగ్ పేరుతో అమెరికాలో విస్తరింపజేసినవాడు రాయ్ కార్వర్.

రీట్రెడ్ అంటే చట్టం లేని చవక బేరమనే అపోహ కూడా ఉంది. ఆస్ట్రేలియాలో ఈ పనికి ఏఎస్ 1973 అనే ప్రమాణముంది (1973 సంవత్సరం కాదు, సంఖ్య). విమానాల చక్రాలకూ రీట్రెడ్‌లు వాడతారు. మన ఆర్టీసీ కూడా సొంత షాపుల్లో టైర్లకు రీట్రెడ్ వేసుకుంటుంది. అయితే అన్ని చక్రాలూ ఒకటి కావు: అమెరికా కేంద్ర నిబంధన బస్సు ముందు చక్రాలకు రీట్రెడ్‌ను ఒప్పుకోదు. నాసిరకం పనీ లేకపోలేదు. అందుకే కొనేవాళ్లు ధర కంటే ముందు కేసింగ్ ఎవరిది, ఎన్నేళ్లది, ఇంతకుముందు ఎన్నిసార్లు ట్రెడ్ మారింది అని అడగాలి.